పెన్సిలిన్ తెచ్చేలోపే



పోయిన నెల మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నడిచిన బహస్ గురించి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే కైరోలో పుట్టి న్యూయార్క్‌లో కన్నుమూసిన ఒక డాక్టర్ గురించి నేనెందుకు ఇంత పొడుగ్గా రాస్తున్నానో మీకు అంతుపట్టదు.

మా ఆపా కూతురికి పదమూడేళ్లు. జ్వరమని పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆ డాక్టరమ్మ జ్వరానికి మందు రాసి, పనిలో పనిగా "పాపకి హెచ్‌పీవీ టీకా వేయించారా?" అని అడిగింది. బచ్చేదానీ ముఖద్వారానికి వచ్చే కేన్సర్‌ని ఆపే టీకా అది. ఆపా ఇంటికొచ్చి గ్రూపులో ఒకే ఒక్క ముక్క అడిగింది, మన ఇళ్లలో ఎవరైనా వేయించారా అని. ఇక చూడండి. చాచా ఒకాయన, ఇది మన నస్ల్ పెరగకుండా బయటి ముల్కులు పన్నిన సాజిష్ అన్నాడు. ఒక భాయ్ ఎక్కడిదో వీడియో పెట్టి, ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయారు కదా, అప్పుడే మరిచిపోయారా అన్నాడు. పెద్ద ఖాలా అయితే తౌబా తౌబా, పెళ్లికాని పిల్లకి ఆ సూది ఎందుకమ్మా, అది ఏం తప్పు చేసిందని అంది. చివరికి దులాభాయ్ వచ్చి "వద్దులే, మనకెందుకు రిస్కు" అని తేల్చేశాడు. ఆపా ఆ తర్వాత ఏమీ రాయలేదు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పే మనిషిని. డాక్టర్ని కాను. అయినా ఆ మూడు మాటలూ నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. వాటిలో ఒకటి వట్టి అఫ్వా. ఒకటి నిజంగా తగిలిన గాయం. ఒకటి మన హయా. మూడింటినీ ఒకే మూటగా కట్టి "వద్దులే" అనేశాం. ఆ మూట విప్పి దేనికదిగా చూడాలంటే, ఆ టీకాని లోకానికి తెచ్చే పనికి పెద్దగా నిలబడ్డ మనిషి జిందగీని చూడటం కన్నా మంచి దారి నాకు కనబడలేదు. ఆయన పేరు ఆదిల్ మహమూద్.

1941 ఆగస్టులో కైరోలో పుట్టాడు. ముగ్గురు పిల్లల్లో పెద్దవాడు. అబ్బా వ్యవసాయ ఇంజనీరు. ఆదిల్‌కి పదేళ్లప్పుడు ఆ అబ్బాకి నిమోనియా వచ్చింది. అప్పటికే పెన్సిలిన్ అనే దవా ఉంది. వేళకి అందితే మనిషి బతికే ఆస్కారం ఉంది. పెద్ద కొడుకుని తెమ్మని పంపారు. పిల్లవాడు మందుల షాపుకి వెళ్లి, పెన్సిలిన్ చేతిలో పట్టుకుని పరుగున ఇంటికి వచ్చాడు. అప్పటికే అబ్బా వెళ్లిపోయారు.

అమ్మీ కథ ఇంకోటి. ఆమెకి కైరో యూనివర్సిటీలో మెడిసిన్ సీటు వచ్చింది. అక్కడే చదువుతున్న ఆమె సొంత భాయ్, ఆడవాళ్లు డాక్టర్లు కావడమేమిటని అడ్డుపడ్డాడు. ఆమె చేరలేదు. అదే యూనివర్సిటీ నుంచి 1963లో ఆమె కొడుకు డాక్టరై బయటికొచ్చాడు.

ఈ రెండు కథల్లో నేను రెండోదాని దగ్గరే ఎక్కువ సేపు ఆగిపోయాను. పెన్సిలిన్ సంగతి వింటే అయ్యో అనుకుంటాం, ముందుకు పోతాం. సీటు వచ్చిన ఆడబిడ్డని ఆపిన భాయ్ సంగతి విన్నప్పుడు మాత్రం, అలాంటివాడు మన ఖాందాన్‌లో ఎవరో వెంటనే ముఖం కళ్లముందుకి వస్తుంది. నాకైతే ఇద్దరు కనబడ్డారు.

సరే, తహకీఖ్ సంగతికి వద్దాం.

ఈజిప్టులో డాక్టరీ చదివినవాడికి నైలు కాలువలు అనగానే ముందు గుర్తొచ్చేది బిల్హార్జియా. నీళ్లలో ఉండే నత్తల్లోంచి, చూపుకి ఆనీ ఆనని పురుగు పిల్లలు బయటికొస్తాయి. కాలువలోకి దిగిన మనిషి చర్మంలోంచి లోపలికి దూరిపోతాయి. రక్తనాళాల్లో కాపురం పెట్టి గుడ్లు పెడుతూ ఏళ్ల తరబడి ఉంటాయి. ఆ గుడ్ల వల్ల కాలేయమో మూత్రాశయమో పాడవుతుంది. ఆ పురుగుని 1851లో కైరోలోనే, ఖస్ర్ అల్ ఐనీ దవాఖానాలో, థియోడర్ బిల్హార్జ్ అనే జర్మన్ డాక్టర్ కనిపెట్టాడు. పేరు అలా వచ్చింది.

ఆ జబ్బు చరిత్రలో ఒక చేదు ముక్క ఉంది, దాన్ని దాచి మాట్లాడితే నేను మీకు ఇంసాఫ్ చేసినట్టు కాదు. 1950ల నుంచి 1980ల దాకా ఈజిప్టు ప్రభుత్వం ఊరూరా జనానికి బిల్హార్జియా సూదిమందు ఇప్పించింది. నీయత్ మంచిదే. కానీ సూదులు సరిగ్గా శుభ్రం చేయకుండా ఒకరికి వాడినవే ఇంకొకరికి వాడారు. పురుగు పోయిందో లేదో గానీ హెపటైటిస్ సి వైరస్ ఊళ్లకి ఊళ్లని చుట్టేసింది. ఆ దేశంలో ఆ జబ్బు అంతగా పాకడానికి కారణం ఈ సూదులేనని 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన తహకీఖ్ తేల్చింది. కాబట్టి సూదిని చూసి షక్ పడేవాళ్లంతా జాహిల్‌లు అని నేను ఎప్పుడూ అనను. ఆ షక్‌కి ఒక తారీఖ్ ఉంది.

ఆదిల్ మహమూద్ కుర్రతనంలో నాసిర్ కాలపు యువజన రాజకీయాల్లో చురుగ్గా తిరిగాడు. హవా మారింది. 1968లో వతన్ వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో 1971లో డాక్టరేట్. అక్కడ ఆయన పట్టుకున్న విషయం మన ఇళ్లలో అందరికీ పేరు తెలిసినదే. ఆగని దగ్గు, పొద్దున లేవగానే తుమ్ములు వస్తుంటే మనవాళ్లు "ఇస్నోఫీలియా" అంటారు చూడండి, ఆ ఇయోసినోఫిల్స్. రక్త పరీక్ష కాగితంలో తెల్లకణాల లెక్క దగ్గర ఒక వరసలో ఉంటాయి. ఇయోసిన్ అనే రంగు వేస్తే ఎర్రగా మెరుస్తాయి కాబట్టి ఆ పేరు. మామూలుగా తెల్లకణాల్లో వీటి వాటా చాలా తక్కువ. ఒంట్లో పురుగులు చేరినా, అలర్జీ ఉన్నా అమాంతం పెరుగుతాయి.

పెరుగుతాయని అందరికీ తెలుసు. ఎందుకు పెరుగుతాయో తెలీదు. బజార్లో గొడవ జరిగిన చోట జనం మూగుతారు. వాళ్లు గొడవ ఆపడానికి వచ్చినవాళ్లా, తమాషా చూడటానికి వచ్చినవాళ్లా? దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేల్చుకోవాలంటే వాళ్లని అక్కడి నుంచి తీసేసి ఏం జరుగుతుందో చూడాలి. ఒంట్లోంచి ఒకే రకం కణాన్ని, మిగతావాటిని ముట్టకుండా తీసేయడం ఎలా?

1973లో ఆయన అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కి, కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ కెన్నెత్ వారెన్ అనే ఉస్తాద్ బిల్హార్జియా మీద పనిచేస్తున్నాడు. వీళ్లు ఎలుకల ఇయోసినోఫిల్స్‌ని తీసి కుందేలుకి ఎక్కించారు. కుందేలు ఒళ్లు వాటిని దుష్మన్‌గా లెక్కేసి వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసింది. ఆ కుందేలు రక్తరసాన్ని తీసి ఎలుకకి ఇస్తే, ఎలుకలో ఇయోసినోఫిల్స్ మాత్రమే పోతాయి, పక్కనున్న న్యూట్రోఫిల్స్ అలాగే ఉంటాయి. ఇప్పుడు అసలు పరీక్ష. ఒకసారి బిల్హార్జియా సోకిన ఎలుకకి రెండోసారి పురుగు ఎక్కిస్తే కొంతవరకు తట్టుకుంటుంది. అలా తట్టుకోగలిగిన ఎలుకలకి ఈ రసం ఇచ్చారు. తట్టుకునే తాఖత్ పోయింది. మిగతా రకాల తెల్లకణాలని తీసేసే రసాలు ఇస్తే అలా జరగలేదు. ఆ కాగితం 1975లో అచ్చయింది. తర్వాతి ఏళ్లలో, ఇయోసినోఫిల్స్ అసలే పుట్టకుండా జన్యువులు మార్చిన ఎలుకలు వచ్చాక, కథ అంత సీదాగా లేదని తేలింది. ఇల్మ్ అలాగే నడుస్తుంది, నిన్నటి మాటని ఇవాళ మళ్లీ తూకం వేస్తుంది. కానీ ఒక కణాన్ని పేరుపెట్టి పిలిచి "నీ పనేమిటో చూపించు" అని నిలదీయడం వైద్యానికి నేర్పినవాళ్లలో ఈయన ఒకడు. నేను క్లాసులో ఈ ప్రయోగం చెప్పినప్పుడు ఆఖరి బెంచీ కూడా నిద్రపోదు, ఇది నా అనుభవం.

1987లో అదే యూనివర్సిటీలో మెడిసిన్ విభాగానికి అధిపతి అయ్యాడు. 1998లో అది వదిలేసి మెర్క్ అనే మందుల కంపెనీలో టీకాల విభాగానికి పెద్దగా వెళ్లాడు.

ప్రొఫెసర్‌గిరీ వదిలి కంపెనీకి పోవడమంటే మన లెక్కలో మస్జిద్ మక్తబ్‌లో చెప్పే ఉస్తాద్ వెళ్లి దుకాణంలో కూర్చున్నట్టు. నాకు మందుల కంపెనీల మీద ముహబ్బత్ ఏమీ లేదు. వాళ్లు పెట్టే ధరలు చూస్తే గుండె మండుతుంది. కానీ ఆయన అబ్బా మంచం పక్కకి వెళ్లి ఒక్కసారి నిలబడండి. పెన్సిలిన్‌ని ఫ్లెమింగ్ 1928లోనే చూశాడు. మందు లోకంలో ఉంది, ఆ ఊళ్లోనూ ఉంది, ఆ మంచం దగ్గర లేదు. ల్యాబ్‌లో దొరికిన ఇల్మ్ సీసాలోకి ఎక్కి, లక్షల సీసాలై, మంచం దాకా నడవాలంటే కార్ఖానా కావాలి, వేల మంది మీద పరీక్షలు కావాలి, వందల కోట్లు కావాలి. ఆ దారిలో చాలా టీకాలు మధ్యలోనే చచ్చిపోతాయి. ఆయన కాలంలో రెండు టీకాలు అలా చచ్చిపోయేవే.

మొదటిది రోటావైరస్ టీకా. పసిపిల్లలకి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుని ఒక్క రోజులో ఒళ్లు ఎండిపోయేలా చేసేది ఆ వైరస్. 2008 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో అయిదేళ్లలోపు పిల్లలు ఏటా నాలుగున్నర లక్షల మంది దానివల్ల చనిపోతున్నారు. అందులో సుమారు లక్ష మంది మన దేశపు పిల్లలే. వేరే కంపెనీ తెచ్చిన మొదటి టీకాని 1999లో వెనక్కి తీసుకున్నారు, పదివేల మందిలో ఒక బిడ్డకి పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదం కనబడిందని. అక్కడితో రోటావైరస్ అనే మాట ఎత్తడానికే కంపెనీలు జంకే పరిస్థితి. ఇక్కడే నాకు ఆయన పద్ధతి నచ్చింది. భయపడ్డవాళ్లని వెక్కిరించలేదు. పదివేలలో ఒకరికి వచ్చే ప్రమాదం ఉందో లేదో తెలియాలంటే ఎంతమందిని చూడాలి? మెర్క్ టీకాని పదకొండు దేశాల్లో దాదాపు 70,000 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. అప్పటిదాకా టీకాల పరీక్షల్లో అంత పెద్దవి అరుదు. ఆ ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. 2006లో టీకా బయటికి వచ్చింది. ఆ దారి తెరుచుకున్నాక మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ వేరే వైరస్ రకంతో రోటావాక్ తయారుచేసింది. 2016లో సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ ఇంట్లో ఆ తర్వాత పుట్టిన పిల్లలుంటే, ఆ చుక్కలు నోట్లో పడే ఉంటాయి. ఎవరూ సాజిష్ అనలేదు.

రెండోది మన గ్రూపుని రెండు రోజులు ఊపేసినది. ఈ కేన్సర్ వెనక హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉందని జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ చూపించాడు, 2008లో నోబెల్ అందుకున్నాడు. ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ కలిసి 1991లో ఒక వింత చూశారు. ఆ వైరస్ పైతొడుగులో ఉండే ప్రొటీన్‌ని విడిగా తయారుచేస్తే, అది దానంతటదే గుండ్రంగా చేరి వైరస్ ఆకారంలోకి వచ్చేస్తుంది. లోపల ఏమీ ఉండదు. ఖాళీ తొడుగు. గింజలేని పల్లీకాయ అనుకోండి, నాటితే మొలవదు. ఒంటికి మాత్రం దుష్మన్ ముఖం గుర్తుండిపోతుంది. మెర్క్ ఆ తొడుగుని ఈస్ట్‌లో, అంటే రొట్టె పిండిని పొంగించే జాతి కణాల్లో, తయారుచేసి గార్డసిల్ అని పేరు పెట్టింది. పంది జెలటిన్ ఉంటుందేమో అని అడిగే ఖాలాలకి చెప్తున్నాను, గార్డసిల్‌లో ఏ జెలటినూ లేదు. 2006 జూన్‌లో అమెరికాలో దానికి ఇజాజత్ వచ్చింది. అదే ఏడు ఆదిల్ మహమూద్ కంపెనీ నుంచి తప్పుకున్నాడు.

ఇప్పుడు చాచా మాట తీసుకుందాం. ఖాళీ తొడుగు వెళ్లి బచ్చేదానీని బంద్ చేయలేదు. మన నస్ల్ ఆపే సాజిషే అయితే, మలేసియా సర్కారు 2010 నుంచి తన బడిపిల్లలకి ఎందుకు ఇస్తోంది? బంగ్లాదేశ్ 2023లో ఎందుకు మొదలుపెట్టింది? వాళ్లకి వాళ్ల బిడ్డలు బరువా? అసలు బచ్చేదానీని తీసేసేది ఆ కేన్సర్. చాచా, మీ మీద ఇజ్జత్ ఎక్కడికీ పోలేదు, కానీ ఈ ఫార్వర్డ్‌ని మీరు వెనక్కి తీసుకోవాలి.

భాయ్ చెప్పిన ఖమ్మం సంగతి అలా కాదు. అది జరిగింది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి ఇదే గార్డసిల్ వేశారు. చాలామంది ఆదివాసీ బిడ్డలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకా. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. విచారణలో తేలింది ఏమిటంటే, ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుకి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో పోయారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలకపోయినా, టీకాతో లింకు ఉన్నట్టు విచారణ కమిటీకి కనబడలేదు.

అయితే 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టు చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 ఇజాజత్ కాగితాలు చూస్తే, 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలది కాదు, వార్డెన్లది! ఏ ఇంట్లో పుట్టిన బిడ్డో ఆ ఇంటివాళ్లకి ఒక్క మాట చెప్పకుండా సూది వేయడానికి హక్కు ఎవరిచ్చారు? గరీబ్ బిడ్డ కాబట్టి, అడిగేవాళ్లు లేరు కాబట్టి. నగరంలో కాన్వెంటు పిల్లలకి ఇలా చేసేవాళ్లా? ఈ నేరం సీసాలో లేదు, కాగితంలో ఉంది. అది చిన్న నేరం కాదు. ఆ వార్డెన్ సంతకాల వల్లే పదిహేనేళ్ల తర్వాత కూడా మా దులాభాయ్ "మనకెందుకు రిస్కు" అంటున్నాడు. టీకాలు జనం వేయించుకోవడం లేదని బాధపడే పెద్దలు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

ఆ గొడవలోంచే ఇంకోటి బయటికొచ్చింది, దాన్ని నేను అల్లాహ్ హిక్మత్ అనే అనుకుంటాను. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల ఒక అంతర్జాతీయ తహకీఖ్ నడుస్తోంది, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని. 2010లో ప్రభుత్వం అన్నీ ఆపమనేసరికి, అందులో 4,949 మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లని వదిలేయలేదు, పదేళ్లు వెంట ఉండి చూశారు. ఒక్క డోసు తీసుకున్న అమ్మాయిల్లో కూడా, కేన్సర్‌కి ఎక్కువగా కారణమయ్యే రెండు వైరస్ రకాలు ఒంట్లో తిష్ఠవేయకుండా 95 శాతం రక్షణ ఉందని 2021లో తేలింది. అనుకోకుండా సగంలో ఆగిపోయిన మన దేశపు ఆడబిడ్డల ఒంటి నుంచి వచ్చిన ఇల్మ్ అది. ఇలాంటి ఆధారాల మీదే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా సరిపోతుందని చెప్పింది. ఒక్క డోసు అంటే ఖర్చు సగానికి సగం తగ్గినట్టే. 2023లో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సర్వావాక్ వచ్చాక ధర ఇంకొంచెం దిగింది. ఇంకా దిగాలి.

ఇక పెద్ద ఖాలా మాట. ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తాను.

మా ఫూఫీకి పదిహేడేళ్లకి నికాహ్ అయింది. ఐదుగురు పిల్లలు. నమాజ్ తప్పిన రోజు లేదు, ఫూఫాజాన్ నీడ తప్ప ఇంకో మగవాడి నీడ ఎరగదు. నెలసరి ఆగిపోయిన నాలుగేళ్లకి మళ్లీ నెత్తురు కనబడటం మొదలైంది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలలు పాత దుపట్టాలు చింపుకుని, ఉతుక్కుని, మేడ మీద ఎవరూ చూడని మూల ఆరేసుకుంది. కోడలు ఆ గుడ్డలు చూసి అడిగితే ఏడ్చింది. హైదరాబాద్ తీసుకెళ్లేసరికి కేన్సర్ ముఖద్వారం దాటిపోయింది. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని "నేనేం గునాహ్ చేశాను బేటీ" అంది. నేను జువాలజీ టీచర్ని అయ్యుండి కూడా, ఏ గునాహూ కాదు ఫూఫీ, అది ఒక వైరస్ అని ఆమెకి చెప్పలేకపోయాను.

ఖాలా, పిల్ల ఏం తప్పు చేసిందని అడిగారు. ఏమీ చేయలేదు. మా ఫూఫీ కూడా చేయలేదు. ఈ వైరస్ దాంపత్యంలో వచ్చేది. పాక్‌దామన్ ఆడబిడ్డకి కూడా నికాహ్ తర్వాత షౌహర్ నుంచి రావచ్చు, అతనికి తన ఒంట్లో అది ఉన్నట్టు కూడా తెలీదు. చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి ఇరవై ఏళ్ల తర్వాత లేస్తుంది. టీకా వైరస్ రాకముందే పనిచేస్తుంది, వచ్చాక వేస్తే దాన్ని తరిమేయలేదు. అందుకే పదమూడేళ్లకి. పిల్ల నడవడిక మీద షక్‌తో కాదు. మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదే 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకి ఈ కేన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది పోయారు. వాళ్లంతా గునాహ్‌గార్లా? స్కాట్లాండ్‌లో పన్నెండు, పదమూడేళ్లకే పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిలు పెద్దవాళ్లయ్యాక లెక్క తీస్తే, వాళ్లలో ఈ కేన్సర్ ఒక్కరికీ కనబడలేదని 2024లో రిపోర్టు వచ్చింది. హయా ఈమాన్‌లో భాగమే, కాదనను. కానీ హయా పేరుతో పాత దుపట్టాలు ఉతుక్కోమని మన దీన్ ఎక్కడా చెప్పలేదు.

ఆదిల్ మహమూద్ మిగతా జిందగీ గురించి రెండు ముక్కలు. కంపెనీ వదిలాక ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. ఎబోలా వచ్చి పశ్చిమ ఆఫ్రికాలో వేల మంది పోతున్నప్పుడు ఆయనకి మళ్లీ అదే కోపం. ఆ టీకా కోతుల్లో పనిచేస్తుందని 2005లోనే తెలుసు, లాభం లేదని ఎవరూ ముందుకు తీసుకెళ్లలేదు. 2015లో స్టాన్లీ ప్లాట్కిన్, జెరెమీ ఫరార్‌లతో కలిసి, ఇలాంటి టీకాల కోసం 200 కోట్ల డాలర్ల ఉమ్మడి నిధి పెట్టాలని రాశాడు. ఆ బాటలోనే 2017లో సెపీ అనే సంస్థ మొదలైంది. కోవిడ్ వచ్చిన తొలి నెలల్లో అది డబ్బిచ్చిన టీకాల్లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లది ఒకటి. మనం కోవిషీల్డ్ అని చేతికి పొడిపించుకున్నది అదే. ఆయన అది చూడలేదు. 2018 జూన్ 11న, మెదడులో రక్తస్రావంతో, 76 ఏళ్ల వయసులో ఇంతెకాల్ అయ్యాడు.

మన జల్సాల్లో ఇబ్నె సీనా పేరు, అల్ జహ్రావీ పేరు గొంతు చించుకుని చెప్తారు. వెయ్యేళ్ల కిందటివాళ్లు. చెప్పాలి, తప్పేం లేదు. కానీ నిన్నమొన్నటిదాకా మన మధ్య ఉన్న ఈయన పేరు వినబడదు, ఆయన పనిచేసిన టీకా పేరు వినబడితే మాత్రం సాజిష్ అంటాం. అలాగని రేపటి నుంచి "మావాడు కనిపెట్టాడు" అని ఫార్వర్డులు మొదలుపెట్టకండి, ప్లీజ్. ఆ తొడుగు రహస్యం ఆస్ట్రేలియాలో దొరికింది, కారణం జర్మనీలో, ఒక్క డోసు సంగతి మన దేశంలో. ఆయన ఆ ముక్కలు మంచం దాకా చేరేలా కాపలా కాశాడు.

ఇదంతా గ్రూపులో పెట్టలేదు, ఎవరు చదువుతారు. ఆదివారం ఆపా ఇంటికి వెళ్లి చాయ్ తాగుతూ చెప్పాను. దులాభాయ్ పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఖమ్మం కాగితాల సంగతి దగ్గర రెండుసార్లు ఆపి అడిగాడు. ఫూఫీ పేరు వచ్చినప్పుడు మాట్లాడలేదు, ఆయనకీ ఆమె చేతి బిర్యానీ తెలుసు. పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది, మేము చూసుకోలేదు. "ఖాలా, ఆ డాక్టర్ వాళ్ల అమ్మీని చదవనివ్వని మామూ డాక్టర్ అయ్యాడా?" అని అడిగింది. ఆపా నా వైపు చూసింది. నేను దులాభాయ్ వైపు చూశాను.

నిన్న ఆపా ఫోన్ చేసింది. శనివారం క్లినిక్‌కి వెళ్తున్నారట, నన్నూ రమ్మంది. దులాభాయ్ కూడా వస్తున్నాడు. డాక్టరమ్మని అడగాల్సినవి ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాడట. ఒకటో డోసా రెండా, ఎంత అవుతుంది, నొప్పి ఎన్నాళ్లు, జ్వరం వస్తే ఏం చేయాలి, ఏ కంపెనీది. పదకొండు ప్రశ్నలున్నాయని ఆపా నవ్వుతోంది. సంతకం చేసే ముందు అన్నీ చదివే చేస్తానన్నాడట.